రుడాల్ఫ్ కాల్మన్ ఇంజనీరా, గణితవేత్తా? 'ఫిల్టర్' వెనకున్న అసలు లెక్క

విమానాల జీపీఎస్‌ను దొంగ సిగ్నళ్లతో ఏమారుస్తున్నారన్న వార్త వచ్చినా, డ్రోన్ల గురించో డ్రైవర్ లేని కార్ల గురించో చర్చ నడిచినా 'కాల్మన్ ఫిల్టర్' అన్న మాట వినబడుతుంది. ఇంజనీరింగ్ నాలుగో ఏడాది ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ అది కనబడుతుంది. కొందరు దాన్ని చిప్పులాంటి పరికరం అనుకుంటారు, కొందరు కొనుక్కునే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. అది నిజానికి ఒక లెక్క. ఆ లెక్క రాసిన రుడాల్ఫ్ కాల్మన్ గురించీ ఇలాంటి అయోమయమే ఉంది. డిగ్రీలన్నీ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో తీసుకున్నాడు, పేరు తెచ్చిన వ్యాసాన్ని మెకానికల్ ఇంజనీర్ల పత్రికలో వేశాడు. అమెరికా గణిత సంఘం మాత్రం పిలిచి బహుమతి ఇచ్చింది. ఇంతకీ ఆయనది ఏ శాఖ? ఆ లెక్క ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

నాలుగు మాటలకు అర్థాలు

ఎలక్ట్రికల్ ఇంజనీర్లకు ఫిల్టర్ అంటే రేడియోలో గరగరను తీసేసి పాటను మిగిల్చే సర్క్యూట్. కొలతల్లోంచి తప్పును విడదీసే లెక్కకూ ఆ అలవాటుకొద్దీ అదే పేరు వచ్చింది.

'నాయిస్' అంటే కొలతలో కలిసిపోయే, ముందుగా చెప్పలేని తప్పు. అది మామూలుగా ఎంత మేర ఉంటుందో చెప్పే అంకె ప్రామాణిక విచలనం. దాని వర్గాన్ని విస్తృతి అంటారు. జీపీఎస్ తప్పు 6 మీటర్ల స్థాయిలో ఉంటే విస్తృతి 36.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట 'స్థితి'. ఒక వ్యవస్థ ఇకమీదట ఎలా నడుస్తుందో చెప్పడానికి ఈ క్షణాన తెలిసి ఉండాల్సిన అంకెల జాబితాయే స్థితి. రోడ్డు మీద బస్సుకైతే ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది అన్న రెండు అంకెలు చాలు. పొద్దున ఏ బస్టాండులో ఎంతసేపు ఆగిందో అక్కర్లేదు. గతమంతా ఆ రెండు అంకెల్లోకి కుదించుకుపోయినట్టే. కాల్మన్ జీవితమంతా ఈ ఒక్క భావన చుట్టూ తిరిగింది.

బుడాపెస్ట్ నుంచి బాల్టిమోర్ దాకా

1930 మే 19న బుడాపెస్ట్‌లో పుట్టాడు. తండ్రి ఎలక్ట్రికల్ ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే కుటుంబం అమెరికా చేరింది. ఎంఐటీలో 1953లో బ్యాచిలర్స్, 1954లో మాస్టర్స్, కొలంబియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేట్. అక్కడ గురువు జాన్ రగజీనీ. ఫజీ లాజిక్‌తో పేరు పొందిన లోట్ఫీ జాదే కూడా అంతకుముందు ఆయన దగ్గరే డాక్టరేట్ చేశాడు. అప్పట్లో రగజీనీ బృందం పట్టుకున్న విషయం శాంపిల్డ్ డేటా వ్యవస్థలు, అంటే సిగ్నల్‌ను ఎడతెగకుండా కాక క్షణానికోసారి కొలిచి, ఆ అంకెలతోనే యంత్రాన్ని నడపడం. డిజిటల్ కంప్యూటర్ చేయగలిగేది అదే కాబట్టి కాల్మన్‌కు ఆ చదువు సరైన సమయంలో అందింది.

కొద్దికాలం ఐబీఎంలో చేశాక, 1958లో బాల్టిమోర్‌లోని రియాస్ అనే పరిశోధన సంస్థలో చేరాడు. మార్టిన్ విమాన కంపెనీ పెట్టిన సంస్థ అది. అక్కడి గణిత బృందానికి పెద్ద సోలమన్ లెఫ్‌షెట్జ్. ఆయన మొదట ఇంజనీరే. ట్రాన్స్‌ఫార్మర్ ప్రమాదంలో రెండు చేతులూ పోగొట్టుకున్నాక గణితంలోకి వచ్చి అందులో మహామహుడయ్యాడు. ఇంజనీరు అడిగే ప్రశ్నకు గణితవేత్త స్థాయి రుజువు కావాలని పట్టుబట్టే వాతావరణం అక్కడుండేది. కాల్మన్ అత్యుత్తమ కృషి 1958 నుంచి 1964 దాకా, ఆ ఆరేళ్లలోనే జరిగింది.

వీనర్ లెక్క ఎక్కడ చిక్కుకుంది

నాయిస్‌లోంచి సిగ్నల్‌ను అంచనా వేయడం కాల్మన్ మొదలుపెట్టిన సమస్యేమీ కాదు. రష్యాలో కొల్మొగొరోవ్, అమెరికాలో నార్బర్ట్ వీనర్ 1940ల మొదట్లోనే దానికి పరిష్కారం చెప్పారు. వీనర్‌కు అది విమానాలను కూల్చే తుపాకుల గురి కోసం వచ్చిన యుద్ధకాలపు సమస్య.

వీనర్ పద్ధతిలో మూడు ఇబ్బందులు ఉండేవి. సిగ్నల్ గణాంక స్వభావం కాలంతోపాటు మారకూడదు, కానీ రాకెట్ ఎగిరే తీరు క్షణక్షణం మారుతుంది. గతంలోని కొలతలన్నీ అందుబాటులో ఉండాలి. ఆపైన ఒక సమాకలన సమీకరణాన్ని సాధించాలి, కాగితం మీద అది తేలికైన ఉదాహరణలకే లొంగుతుంది. కాల్మన్ వేసిన అడుగు పైకి చిన్నది. 1958 నవంబరు చివర్లో ప్రిన్స్‌టన్ నుంచి తిరిగొస్తుంటే రైలు బాల్టిమోర్ బయట రాత్రి గంటసేపు ఆగిపోయిందనీ, వీనర్ సమస్యకు 'స్థితి' భావనను తగిలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అప్పుడే వచ్చిందనీ చెబుతారు. గతాన్నంతా స్థితి మోస్తున్నప్పుడు పాత కొలతలు దాచుకోవాల్సిన పనేముంది? నిన్నటి అంచనా, దాని మీద ఎంత నమ్మకం, కొత్తగా వచ్చిన కొలత. ఈ మూడూ చాలు.

ఒక బస్సు, ఒక సెకను: లెక్క చేసి చూద్దాం

తిన్నటి రోడ్డు మీద బస్సు పోతోంది. మన అంచనా ప్రకారం అది 1000 మీటర్ల గుర్తు దగ్గరుంది. ఆ అంచనాలో తప్పు 6 మీటర్ల స్థాయి, అంటే విస్తృతి 36. వేగం సెకనుకు 20 మీటర్లు.

మొదటి మెట్టు, ముందుకు చెప్పడం. ఒక సెకను గడిచింది కాబట్టి బస్సు 1020 దగ్గర ఉండాలి. డ్రైవర్ కాస్త బ్రేకు నొక్కి ఉండొచ్చు, ఎత్తు వచ్చి ఉండొచ్చు. ఆ అనుమానానికి 28 విస్తృతి కలుపుదాం. 36, 28 కలిపితే 64. అంటే తప్పు స్థాయి 6 నుంచి 8 మీటర్లకు పెరిగింది. కొలవకుండా ముందుకు పోతే నమ్మకం తగ్గడం సహజమే.

రెండో మెట్టు, దిద్దుకోవడం. జీపీఎస్ 1030 అంటోంది. దాని తప్పు 6 మీటర్లు, విస్తృతి 36. మన లెక్కకూ కొలతకూ తేడా 10 మీటర్లు. ఈ తేడాలో ఎంత భాగం నమ్మాలి? మన విస్తృతిని మొత్తం విస్తృతితో భాగిస్తే ఆ వాటా వస్తుంది. 64ను 100తో భాగిస్తే 0.64. దీన్నే కాల్మన్ గెయిన్ అంటారు. 10 మీటర్లలో 0.64 వంతు 6.4. కొత్త అంచనా 1026.4 మీటర్లు. కొత్త విస్తృతి 64లో మిగిలిన 0.36 వంతు, 23.04. దాని వర్గమూలం 4.8.

8 మీటర్ల తప్పున్న లెక్క, 6 మీటర్ల తప్పున్న కొలత కలిసి 4.8 మీటర్ల తప్పున్న అంచనాను ఇచ్చాయి. రెండిట్లో మెరుగైనదానికంటే ఫలితం మెరుగు. ఇది మాయ కాదు. విస్తృతికి విలోమాన్ని సమాచారం అనుకుంటే, 1/64కు 1/36 కలిసింది, అంతే. ఆ మొత్తాన్ని తిరగేస్తే 23.04. ఇంతకంటే తగ్గించగలమా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1945లో దీనికి జవాబిచ్చారు. ఒక పక్కకు ఒరగని అంచనా ఏదైనా సరే, దాని విస్తృతి సమాచారానికి విలోమం కంటే తక్కువ కాలేదు. నేడు క్రేమర్-రావు హద్దు అంటున్నది దాన్నే. నాయిస్ గంటాకారపు గాసియన్ వక్రాన్ని అనుసరిస్తే కాల్మన్ లెక్క ఆ హద్దును సరిగ్గా తాకుతుంది.

ఇదే పని ప్రతి సెకనూ చేస్తూ పోతే గెయిన్ 0.64 నుంచి 0.586కు, తర్వాత 0.577కు తగ్గి 0.575 దగ్గర నిలబడిపోతుంది. అంచనాలో తప్పు 4.55 మీటర్ల దగ్గర ఆగుతుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ గెయిన్ లెక్కలో జీపీఎస్ ఇచ్చిన 1030 అన్న అంకె ఎక్కడా రాలేదు. 36, 28 అన్న నమ్మకాల అంకెలే వచ్చాయి. బస్సు బయలుదేరకముందే గెయిన్‌లన్నీ లెక్కకట్టి పెట్టుకోవచ్చు. ఇది ఎంత సౌకర్యమో అంత ప్రమాదం కూడా.

మెకానికల్ ఇంజనీర్ల పత్రికకు ఎందుకు పంపాడు

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వర్గాల్లో ఈ ఆలోచనకు మొదట అనుమానమే ఎదురైంది. వీనర్ పద్ధతి అప్పటికే పాతుకుపోయింది. కాల్మన్ తన వ్యాసాన్ని అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం పత్రికకు ఇచ్చాడు. 1960 మార్చిలో అది అచ్చయింది. కొలతలు ఎడతెగకుండా వచ్చే సందర్భానికి రిచర్డ్ బ్యూసీతో కలిసి రాసిన రెండో వ్యాసం 1961లో వచ్చింది. అంతకుముందు దాన్ని చదివిన ఒక పరిశీలకుడు రుజువులో ఒక మెట్టు నిజమయ్యే వీలే లేదని తిప్పికొట్టాడు. ఆ మెట్టు నిజమే.

1960లోనే ఆయన వ్యాసాలు ఇంకా ఎక్కడెక్కడ వచ్చాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. యంత్రాన్ని తక్కువ ఖర్చుతో గమ్యానికి నడిపే సమస్యపై రాసింది మెక్సికో గణిత సంఘం పత్రికలో వచ్చింది. నియంత్రణ వ్యవస్థల సాధారణ సిద్ధాంతంపై రాసింది మాస్కోలో జరిగిన ఐఫాక్ (అంతర్జాతీయ స్వయంచాలక నియంత్రణ సమాఖ్య) మొదటి మహాసభలో చదివాడు. ఈ మూడూ వేర్వేరు అంశాలు కావు. నడపడం, అంచనా వేయడం ఒకే సమస్యకు రెండు ముఖాలు. మాత్రికలను (అంకెల పట్టికలను) అడ్డం నిలువు తిప్పి, కాలాన్ని వెనక్కి నడిపితే ఒకదాని సమీకరణం రెండోదాని సమీకరణమవుతుంది. రెండింటి నడుమా ఉన్నది రికాటి సమీకరణం. మన బస్సు లెక్కలో విస్తృతి 64 నుంచి 23.04కు, మళ్లీ 28 కలిసి 51.04కు మారిన వరస దాని అతిచిన్న రూపమే.

చంద్రుడి దారిలో

1960 చివర్లో కాల్మన్ కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రానికి వెళ్లాడు. అక్కడ స్టాన్లీ ష్మిట్ బృందం చంద్రుడి చుట్టూ తిరిగొచ్చే వ్యోమనౌక ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలని తలపట్టుకుని ఉంది. వీనర్ పద్ధతి అక్కడికి పనికిరాదు. కాల్మన్ లెక్కకూ ఒక అడ్డంకి ఉంది. అది సరళరేఖ సంబంధాలకే వర్తిస్తుంది, గురుత్వాకర్షణ అలా ఉండదు. ష్మిట్ బృందం ప్రతి క్షణం తాజా అంచనా దగ్గర వక్రానికి స్పర్శరేఖ గీసి, ఆ కాస్త మేర దాన్ని సరళరేఖ అనుకుని లెక్క చేసింది. దీనికి ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టర్ అని పేరొచ్చింది. ఇవాళ నావిగేషన్‌లో వాడుతున్న ఫిల్టర్లలో ఎక్కువ భాగం ఇదే, లేదా దీని సంతానం.

కంప్యూటర్ సంగతి వేరే. అపోలో నౌకలోని గైడెన్స్ కంప్యూటర్లో రాసి చెరిపే జ్ఞాపకం 2048 పదాలు. ఒక్కో పదంలో 15 బిట్లు, సరిచూసుకోవడానికి ఇంకో బిట్. స్థానానికి మూడు, వేగానికి మూడు, మొత్తం ఆరు అంకెల స్థితి. వాటి విస్తృతుల పట్టిక ఆరు అడ్డం, ఆరు నిలువు. అంత ఇరుకులో పాత కొలతలన్నీ దాచుకునే పద్ధతి ఏదీ ఇమడదు. గతాన్ని వదిలేసే లెక్క ఇముడుతుంది. ఎంఐటీలో రిచర్డ్ బాటిన్ కూడా స్వతంత్రంగా ఇలాంటి మెట్లమెట్ల లెక్కకే చేరుకున్నాడు.

అయినా తక్కువ బిట్లలో ఒక తంటా వచ్చింది. దిద్దుకునే మెట్టులో తీసివేత ఉంది. పెద్ద అంకెలోంచి దాదాపు అంతే ఉన్న అంకెను తీసేసేటప్పుడు, కుదించిన చివరి అంకెల వల్ల విస్తృతి రుణాత్మకంగా రావచ్చు. విస్తృతి అంటే వర్గం కాబట్టి అది సున్నాకు దిగువకు పోకూడదు. ఒకసారి పోయిందంటే గెయిన్ తలకిందులవుతుంది, దిద్దుబాటు తప్పును పెంచడం మొదలుపెడుతుంది. ఎంఐటీ ప్రయోగశాలలో జేమ్స్ పాటర్ దీనికి చక్కటి విరుగుడు చూపాడు. విస్తృతిని కాక దాని వర్గమూలాన్ని దాచుకోవాలి. ఏ అంకెను వర్గం చేసినా రుణం రాదు. పైగా పది లక్షల నుంచి పది లక్షలో వంతు దాకా పరుచుకున్న అంకెలు, వర్గమూలం తీస్తే వెయ్యి నుంచి వెయ్యో వంతు దాకానే ఉంటాయి. సగం బిట్లతోనే అంత ఖచ్చితత్వం నిలుస్తుంది.

అతివిశ్వాసంతో తప్పిపోయే ఫిల్టర్

అంకెల కుదింపు కంటే ఎక్కువ మందిని దెబ్బతీసే తప్పు ఇంకొకటి ఉంది. బస్సు లెక్కలో అనుమానానికి 28 కలిపాం కదా. 'మన సమీకరణం కచ్చితమైనదే' అనుకుని దాన్ని సున్నా చేస్తే ఏమవుతుందో చూడండి.

గెయిన్ మొదటి కొలతకు 1/2, రెండోదానికి 1/3, అలా తగ్గుతూ 99వ కొలతకు 1/100 అవుతుంది. ఫిల్టర్ కొత్త కొలతలను వినడం దాదాపు మానేసింది. ఇప్పుడు బస్సు వేగం సెకనుకు 20 నుంచి 18 మీటర్లకు తగ్గిందనుకుందాం. ఫిల్టర్ ఇంకా 20 అనే అనుకుంటోంది. ఇంకో 100 సెకన్లు గడిచేసరికి బస్సు ఊహించినచోటు కంటే 200 మీటర్లు వెనకబడింది. గెయిన్ తగ్గుతూనే ఉంది కాబట్టి ఫిల్టర్ అందులో 50.5 మీటర్లు మాత్రమే దిద్దుకుంది. మిగిలిన తప్పు 149.5 మీటర్లు. అదే క్షణాన తన తప్పు ఎంతని ఫిల్టర్‌ను అడిగితే 36ను 200తో భాగించి వర్గమూలం తీసి 0.42 మీటర్లు అంటుంది. నూటయాభై మీటర్ల తప్పులో ఉండి అరమీటరు కూడా లేదంటోంది!

అదే 28 ఉంచితే? గెయిన్ 0.575 దగ్గర నిలిచి, వేగం మారినా తప్పు సుమారు ఒకటిన్నర మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మోడల్ మీద, అంటే బస్సు ఎలా కదులుతుందో చెప్పే మన సమీకరణం మీద, కాస్త అనుమానం మిగుల్చుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. పాఠ్యపుస్తకాల్లో ఐదు సూత్రాలు ఇస్తారు, ఈ రెండు నమ్మకాల అంకెలు ఎక్కడినుంచి తేవాలో ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఫిల్టర్‌తో పనిచేసేవాళ్ల సమయంలో ఎక్కువ భాగం ఆ అంకెలు సరిచూడటానికే పోతుంది. వాళ్లు చూసేది మన లెక్కకూ కొలతకూ మధ్య తేడాల వరస. ఆ తేడాలు సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉండాలి. వరసగా ఒకే వైపు పడుతుంటే మోడల్ తప్పని అర్థం. పై ఉదాహరణలో తేడాలన్నీ రుణాత్మకంగానే పడేవి, చూసేవాడు ఉంటే ముందే దొరికేది.

ఎంత కొలిచినా బయటపడనిది

ఫిల్టర్ ఆయనకు పేరు తెచ్చింది. నా లెక్కలో కాల్మన్ అసలైన కానుక ఇంకొకటి, ఫలానా కొలతలతో స్థితి అసలు తెలుస్తుందా అని ముందే చెప్పగల పరీక్ష. దీన్ని అబ్జర్వబిలిటీ అంటారు.

బస్సుకు స్పీడోమీటరు మాత్రమే ఉంది, జీపీఎస్ లేదు అనుకోండి. ఎన్ని గంటలు కొలిచినా బస్సు ఎక్కడుందో తెలియదు. ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది, ఎక్కడ బయలుదేరిందో తెలియదు. కాల్మన్ పరీక్ష దీన్ని అంకెల్లో చూపిస్తుంది. స్థితిలో మొదటిది స్థానం, రెండోది వేగం. వేగాన్ని కొలిచే వరస [0 1]. ఒక సెకను తర్వాతి కొలతను ఇప్పటి స్థితిలో రాసినా అది మళ్లీ [0 1]. రెండు వరసలూ ఒకటే కాబట్టి ఆ మాత్రిక కోటి (ర్యాంకు, అంటే నిజంగా కొత్త సమాచారం ఇచ్చే వరసల సంఖ్య) 1. తెలియాల్సినవి రెండు, వచ్చింది ఒకటి. అదే స్థానాన్ని కొలిస్తే మొదటి వరస [1 0], సెకను తర్వాత [1 1]. కోటి 2. రెండు సెకన్లలో స్థానమూ వేగమూ రెండూ బయటపడతాయి.

దీనికి జోడు కంట్రోలబిలిటీ, అంటే మన చేతిలో ఉన్న మీటతో వ్యవస్థను కోరిన స్థితికి తేగలమా అన్న ప్రశ్న. దీనికి పేరున్న ఉదాహరణ బండి మీద నిలబెట్టిన రెండు కర్రలు. పొడవులు వేరైతే బండిని ముందుకూ వెనక్కూ కదుపుతూ రెండింటినీ పడిపోకుండా నిలపవచ్చు. పొడవులు సమానమైతే సిద్ధాంతరీత్యానే కుదరదు. బండి కదలిక రెండింటినీ ఒకేలా తోస్తుంది, వాటి మధ్య తేడాను అదుపు చేసే దారే లేదు.

అప్పటిదాకా ఇంజనీర్లు వ్యవస్థను లోపలికి ఏం పోతుంది, బయటికి ఏం వస్తుంది అనే నిష్పత్తిగానే రాసేవారు. ఆ నిష్పత్తిలో పైనా కిందా ఒకే పదం ఉంటే కొట్టేసేవారు. కాగితం మీద పదం పోతుంది, యంత్రంలో పోదు. కొట్టేసిన పదం అస్థిరమైనదైతే లోపల ఏదో పెరుగుతూనే ఉంటుంది, బయటి మీటరు మాత్రం మామూలుగానే కనబడుతుంది. ఏ వ్యవస్థనైనా కనబడి లొంగేది, కనబడినా లొంగనిది, లొంగినా కనబడనిది, రెండూ కానిది అని నాలుగు భాగాలుగా విడదీయవచ్చని కాల్మన్ చూపించాక ఆ కొట్టివేత వెనక దాగింది ఏమిటో స్పష్టమైంది.

ముందే ఎవరైనా కనిపెట్టారా

ఈ వాదన ఇప్పటికీ ఉంది, అందులో పస కూడా ఉంది. డెన్మార్క్ ఖగోళవేత్త థోర్వాల్డ్ తీలే 1880లోనే ఇలాంటి మెట్లమెట్ల అంచనాను ఒక ప్రత్యేక సందర్భానికి రాశాడు. అమెరికాలో పీటర్ స్వెర్లింగ్ ఉపగ్రహాల దారి కోసం దగ్గరి లెక్కనే 1958-59లో ఇచ్చాడు. సోవియట్ శాస్త్రవేత్త రుస్లాన్ స్ట్రాటోనోవిచ్ సరళరేఖ కాని సందర్భాలకూ వర్తించే మరింత సాధారణ సిద్ధాంతం కట్టాడు. కాల్మన్ లెక్క దాంట్లో ఒక ప్రత్యేక సందర్భంగా ఇమిడిపోతుంది. వాళ్ల పేర్లు చెప్పకుండా ఈ చరిత్ర చెప్పడం అన్యాయం.

అటువైపు వాదన కూడా బలమైనదే. సూత్రం ఒక్కటే అయితే ఘనత పంచుకోవాల్సిందే. కానీ ఆ సూత్రం ఎప్పుడు పనిచేస్తుంది, తప్పు ఎందుకు ఒకచోట నిలబడుతుంది, మొదటి అంచనా తప్పైనా క్రమంగా ఎలా కొట్టుకుపోతుంది అన్న ప్రశ్నలకు జవాబు కంట్రోలబిలిటీ, అబ్జర్వబిలిటీ లేకుండా రాదు. ఆ చట్రం కాల్మన్‌ది. అందుకే ముందు ఎవరు రాశారన్న ప్రశ్నకు ఒక జవాబు, ఎవరు అర్థమయ్యేలా చేశారన్న ప్రశ్నకు ఇంకో జవాబు వస్తాయి.

'ఉత్తమం' అన్న మాటకు హద్దులు

నాయిస్ గాసియన్ కాకపోతే కాల్మన్ ఫిల్టర్ పనికిరాదని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. గాసియన్ అయితే అది అన్ని రకాల అంచనాల్లోకీ మేలైనది. గాసియన్ కాకున్నా సగటు, విస్తృతి సరిగ్గా తెలిస్తే, కొలతలను సరళంగా కలిపే అంచనాల్లో అదే మేలైనది. మోడల్, విస్తృతులు తప్పైతే మాత్రం ఏ హామీ లేదు. 149.5 మీటర్ల కథ అదే.

ఇంకో దెబ్బ 1978లో తగిలింది. మేలైన అంచనాను మేలైన నియంత్రణతో జోడిస్తే యంత్రం కాస్త మారినా తట్టుకుంటుందని అప్పటిదాకా ఆశ. నియంత్రణ ఒక్కదానికే చూస్తే ఆ ఆశకు ఆధారముంది. స్థితి అంతా తెలిస్తే, మీట బలం సగానికి పడిపోయినా అటువంటి నియంత్రణ నిలబడుతుంది. మధ్యలో ఫిల్టర్ వస్తే ఎంత తట్టుకుంటుందన్నదానికి హామీ ఏమీ లేదని జాన్ డాయిల్ ఉదాహరణతో చూపించాడు. ఆయన వ్యాసానికి ఉన్న సారాంశం ఒకే వాక్యం: 'ఏవీ లేవు.' ఆ తర్వాత మోడల్ తప్పును ముందే లెక్కలోకి తీసుకునే రోబస్ట్ కంట్రోల్ శాఖ బలపడింది. కాల్మన్ పక్షాన నిలిచేవారు అనేది ఏమిటంటే, ఆ లోపాన్ని అంత కచ్చితంగా చూపగలగడానికి కూడా స్థితి భాషే పనికొచ్చింది. నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి.

రెండు ఊళ్లలో రెండు కుర్చీలు

1964లో స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1971లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి వెళ్లి గణిత వ్యవస్థా సిద్ధాంత కేంద్రాన్ని నడిపాడు. 1973 నుంచి జూరిక్‌లోని ఈటీహెచ్‌లోనూ పీఠం ఉంది. చాలా ఏళ్లు రెండు ఖండాల్లో రెండు ఉద్యోగాలు చేశాడు. ఈ కాలంలో ఆయన పని ఫిల్టర్ నుంచి బాగా దూరం జరిగి బీజగణితం వైపు వెళ్లింది. బయట కనబడే కొలతల వరసను పుట్టించగల అతిచిన్న స్థితి ఏమిటన్నది ఆయన ప్రశ్న. తర్వాత ఇంకా కఠినమైన చోటికి వెళ్లాడు. డేటాలో లేని ఊహలను నాయిస్ పేరుతో లోపలికి తోసేసి, ఫలితాన్ని డేటా చెప్పిందనడం తప్పని ఆర్థిక గణాంకవేత్తలతో వాదించాడు. సంభావ్యతతో పేరు తెచ్చుకున్న మనిషే దాన్ని ఆధారం లేకుండా వాడొద్దనడం చాలామందికి మింగుడుపడలేదు.

గౌరవాలు రెండు వైపులనుంచీ వచ్చాయి. 1974లో ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ అత్యున్నత పతకం, 1985లో మొట్టమొదటి క్యోటో బహుమతుల్లో ఒకటి, 1987లో అమెరికన్ గణిత సంఘం స్టీల్ బహుమతి, 2008లో ఇంజనీరింగ్ అకాడమీ డ్రేపర్ బహుమతి. 2009 అక్టోబరులో ఒబామా చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకం అందుకున్నాడు. 2016 జులై 2న ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో కన్నుమూశాడు.

ఏ శాఖ అన్న ప్రశ్నకు ఈ జాబితా జవాబు ఇవ్వదు, ఆయన ప్రశ్న వేసిన తీరు ఇస్తుంది. యంత్రం నుంచి వచ్చిన సమస్యను తీసుకుని, అందులో అనవసరమైన ఊహలన్నీ వలిచేసి, మిగిలినదానికి పూర్తి రుజువు రాయడం. మొదటి సగం ఇంజనీరు చేస్తాడు, రెండో సగం గణితవేత్త చేస్తాడు. ఆయన రెండూ తానే చేశాడు.

దొంగ సిగ్నల్ ముందు ఈ లెక్క

మొదట చెప్పిన వార్తకు వద్దాం. మన బస్సు 1020 దగ్గరుండాలి, జీపీఎస్ హఠాత్తుగా 1100 అంది. తేడా 80. ఆ తేడాకు ఉండాల్సిన విస్తృతి 64, 36 కలిపి 100, అంటే మామూలు స్థాయి 10 మీటర్లు. 80 దానికి ఎనిమిది రెట్లు. మూడు రెట్లు దాటితే కొలతను పక్కన పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి, కాబట్టి ఫిల్టర్ దాన్ని తిప్పికొడుతుంది. ఇందులోనూ ఓ మెలిక ఉంది. బస్సును నిజంగానే లారీ ఎక్కించి ముందుకు తీసుకెళితే అసలు కొలతలను కూడా ఫిల్టర్ ఎప్పటికీ తిప్పికొడుతూ ఉంటుంది. అందుకే వరసగా కొన్ని తిరస్కరణలు జరిగాక అంచనాను కొత్తగా మొదలుపెట్టే ఏర్పాటు పెడతారు.

తెలివైన దొంగ ఒకేసారి 80 జరపడు. సెకనుకు అరమీటరు చొప్పున జరుపుతాడు. ఒక్క తేడా కూడా హద్దు దాటదు, ఫిల్టర్ నెమ్మదిగా వాడి వెంట నడిచిపోతుంది. స్థితిలో రెండు అంకెలు పెట్టి చూద్దాం: బస్సు అసలు స్థానం, జీపీఎస్‌లో చొప్పించిన మోసం. జీపీఎస్ కొలిచేది వాటి మొత్తం, కాబట్టి వరస [1 1]. తర్వాతి సెకనులోనూ [1 1]. కోటి 1. ఎన్ని కొలతలు తీసుకున్నా, ఎంత మంచి ఫిల్టర్ రాసినా స్థానాన్నీ మోసాన్నీ విడదీయలేం. రోడ్డు పక్కన కచ్చితంగా తెలిసిన ఒక గుర్తును కెమెరా పట్టుకుంటే [1 0] అనే వరస చేరి కోటి 2 అవుతుంది. విమానంలో ఆ రెండో వరసను నేల మీది రేడియో కేంద్రం ఇస్తుంది.